ఐసీయూలో మంచం పక్కనే ఊపిరితిత్తుల అల్ట్రాసౌండ్: తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో రాత్రి డ్యూటీ చేసే పీజీలు, జనగామ, పరకాల, మహబూబాబాద్, భూపాలపల్లి నర్సింగ్ హోమ్‌లలో ఒంటరిగా కేసులు చూసుకునే డ్యూటీ డాక్టర్లు నన్ను అడిగే సందేహాలు కొన్నేళ్లుగా దాదాపు ఇవే. ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు ఒకచోట రాసిపెడుతున్నాను. ఏ ప్రశ్న కావాలంటే దాని దగ్గరికి నేరుగా వెళ్లండి.

## మొదలుపెట్టే ముందు

మా దగ్గర కడుపు స్కానింగ్‌కు వాడే పాత మిషన్ ఒక్కటే ఉంది. దాంతో లంగ్స్ చూడొచ్చా?

చూడొచ్చు. ఊపిరితిత్తులకు ఖరీదైన మిషన్ అక్కర్లేదు. కడుపుకు వాడే వంపు ప్రోబ్‌తోనే చాలావరకు పని అయిపోతుంది. న్యుమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) అనుమానం ఉన్నప్పుడు, ప్లూరా (ఊపిరితిత్తిని చుట్టి ఉండే పొర) కదలికను దగ్గరగా చూడాలనుకున్నప్పుడు రక్తనాళాలకు వాడే లీనియర్ ప్రోబ్ ఇంకా స్పష్టంగా చూపిస్తుంది.

ఒక్క సంగతి మాత్రం మరవద్దు. కొత్త మిషన్లు బొమ్మను అందంగా చూపించడానికి లోపల కొన్ని దిద్దుబాట్లు చేస్తాయి. మనకు కావాల్సిన గీతలే ఆ దిద్దుబాట్లలో చెరిగిపోతాయి. అందుకే హార్మానిక్స్, కాంపౌండ్ ఇమేజింగ్ ఆఫ్ చేయండి. ఫోకస్ ప్లూరా దగ్గర పెట్టండి. ఆ సౌకర్యాలేవీ లేని పాత మిషన్ ఈ పనికి బాగానే సరిపోతుంది.

రేడియాలజిస్ట్‌ను కాదు కదా, నేను ప్రోబ్ పట్టుకుంటే తప్పవుతుందా?

వైద్యపరంగా తప్పు కాదు. ఈ పద్ధతికి దారి వేసిన డేనియల్ లిక్టెన్‌స్టైన్ ఫ్రాన్స్‌లో ఐసీయూ డాక్టర్. 2008లో ఆయన బ్లూ ప్రోటోకాల్ అనే పరీక్షా క్రమాన్ని ప్రచురించారు. తీవ్రమైన ఆయాసంతో ఐసీయూకు వచ్చిన 260 మందిలో, అల్ట్రాసౌండ్ 90.5 శాతం మందికి సరైన కారణం చూపించింది. ప్రోబ్ పట్టుకున్నవాళ్లు మంచం పక్కన ఉండే డాక్టర్లే.

చట్టం సంగతి వేరు. గర్భస్థ శిశువు లింగ నిర్ధారణను అడ్డుకునే పీసీపీఎన్‌డీటీ చట్టం ప్రకారం ప్రతి అల్ట్రాసౌండ్ మిషన్‌కూ, అది ఉన్న చోటుకూ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఊపిరితిత్తులకే వాడుతున్నాం కదా అని మినహాయింపు ఉండదు. మిత్రుడి ఆసుపత్రి నుంచి ఒక రాత్రికి మిషన్ తెచ్చుకోవడం లాంటివి చేయకండి. మిషన్ వాడే డాక్టర్‌గా మీ వివరాలు రికార్డులో ఉన్నాయో లేదో యాజమాన్యాన్ని అడిగి తెలుసుకోండి. పేషెంట్ గర్భిణి అయితే ఆ చట్టం కింద నింపే ఫారం ఎఫ్ రికార్డు గురించి మీ రేడియాలజీ విభాగంతో ముందే మాట్లాడి పెట్టుకోండి.

ఎన్ని కేసులు చూస్తే ధైర్యం వస్తుంది?

పక్కన తెలిసినవాళ్లను పెట్టుకుని 25 మందిని పూర్తిగా పరీక్షిస్తే, మామూలు ఊపిరితిత్తి, నీటి చెమ్మ, గట్టిపడిన భాగం, ప్లూరాలో నీరు అనే నాలుగింటినీ చాలామంది గుర్తుపట్టగలుగుతారు. న్యుమోథొరాక్స్‌కు మరింత సమయం పడుతుంది, ఎందుకంటే అది రోజూ రాదు. అప్పటిదాకా ఆయాసం లేని పేషెంట్ల ఊపిరితిత్తులు వీలైనన్ని చూడండి. మామూలుది కంటికి బాగా అలవాటైతే మామూలు కానిది వెంటనే కనిపిస్తుంది.

## ప్రోబ్ పెట్టేటప్పుడు

ఎక్కడ పెట్టాలి? ఛాతీ అంతా తిరగాలా?

ప్రాణం మీదికి వచ్చిన పేషెంట్‌కు ఒక్కో వైపు మూడు చోట్లు చాలు: ముందు వైపు పైన, ముందు వైపు కింద, ఇక పక్క నుంచి వీలైనంత వెనక్కి డయాఫ్రమ్ (ఛాతీకీ కడుపుకూ మధ్య ఉండే కండరం) పైన. రెండు వైపులా కలిపి మూడు నిమిషాల పని. చాలామంది ముందు వైపు మాత్రమే చూసి వదిలేస్తారు. పడుకుని ఉన్న మనిషిలో నీరు, నెమ్ము (న్యుమోనియా) వెనక్కే చేరతాయి కాబట్టి ఆ మూడో చోటు మీదే మీ శ్రద్ధంతా పెట్టాలి. ప్రోబ్‌ను మంచానికీ వీపుకూ మధ్య దూర్చి, పైకి చూస్తున్నట్టు తిప్పండి. సిస్టర్ సాయంతో పేషెంట్‌ను కొద్దిగా పక్కకు వంచితే ఇంకా మంచిది.

తీరిగ్గా చూసేటప్పుడు ఒక్కో వైపు ఆరు, మొత్తం 12 చోట్లు చూస్తాం.

తెరమీద ఏదో మసకగా ఉంది. మొదట ఏం వెతకాలి?

పక్కటెముకలు వెతకండి. ప్రోబ్ మీది గుర్తు తలవైపు ఉండేలా నిలువుగా పెడితే, రెండు పక్కటెముకలు వాటి నీడలతో, మధ్యలో ఎముకల అంచు కంటే సుమారు అర సెంటీమీటరు లోతున తెల్లగా మెరిసే ప్లూరా గీతతో, రెక్కలు విప్పిన గబ్బిలంలా కనిపిస్తుంది. ఆ గబ్బిలం దొరికేదాకా వేరే ఏదీ చదవకండి.

తర్వాత ప్లూరా గీత కదులుతోందా చూడండి. ఊపిరితో పాటు చీమలు బారు తీరి పాకినట్టు మెరుస్తూ జరిగితే స్లైడింగ్ ఉన్నట్టు. గీత కింద సమాన దూరాల్లో అడ్డంగా మళ్లీ మళ్లీ వచ్చేవి ఎ లైన్లు. అక్కడ గాలి ఉందని అర్థం. ప్లూరా నుంచి టార్చిలైటు వెలుగులా తెర అడుగుదాకా దిగి, ఎ లైన్లను చెరిపేస్తూ, ఊపిరితో కదిలేవి బి లైన్లు. రెండు పక్కటెముకల మధ్య మూడు, అంతకంటే ఎక్కువ ఉంటేనే లెక్కలోకి తీసుకోండి. ఒకటి రెండు మామూలు మనుషుల్లోనూ, ముఖ్యంగా కింది భాగాల్లో, ఉంటాయి.

మెడ, ఛాతీ అంతా చర్మం కింద గాలి చేరి ఉబ్బింది. ఏమీ కనిపించడం లేదు.

కనిపించదు. చర్మం కిందే గాలి ఉంటే శబ్దతరంగం లోపలికి పోదు. ఇందులో మీ చేతి లోపం ఏమీ లేదు. సమయం వృథా చేయకుండా ఎక్స్‌రేకో సీటీకో వెళ్లండి. బాగా లావుగా ఉన్నవాళ్లకూ, ఛాతీ మీద పెద్ద డ్రెస్సింగ్‌లు ఉన్నవాళ్లకూ ఇదే ఇబ్బంది వస్తుంది.

ప్రోబ్ దేంతో తుడవాలి?

ఒక పేషెంట్ నుంచి ఇంకొకరి దగ్గరికి పోయేముందు జెల్ మొత్తం తీసేసి, మిషన్ కంపెనీ ఆమోదించిన క్రిమిసంహారక వైప్‌తో ప్రోబ్‌నూ, వైరునూ, కీబోర్డునూ తుడవండి. కొన్ని ప్రోబ్‌ల రబ్బరు పొర స్పిరిట్‌తో పాడవుతుంది కాబట్టి మాన్యువల్ చూడండి. సగం వాడిన జెల్ సీసాను మళ్లీ మళ్లీ నింపే అలవాటు మానాలి. అందులోనే క్రిములు పెరుగుతాయి. సూది పెట్టే పని ఉంటే స్టెరైల్ జెల్, స్టెరైల్ కవర్ తప్పనిసరి.

## చూసింది అర్థం చేసుకునేటప్పుడు

బి లైన్లు నిండా ఉన్నాయి. లాసిక్స్ (మూత్రం ద్వారా నీరు తీసే మందు) ఇచ్చేయొచ్చా?

నన్ను ఎక్కువసార్లు అడిగే ప్రశ్న ఇదే. ఎక్కువ పొరపాట్లు జరిగేదీ ఇక్కడే. బి లైన్లు ఊపిరితిత్తి చెమ్మగా ఉందని మాత్రమే చెబుతాయి. ఆ చెమ్మ గుండె వల్ల వచ్చిందా, నెమ్ము వల్లా, ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు తీవ్రంగా వాచి నీరు చేరే జబ్బు) వల్లా అన్నది చెప్పవు.

ప్లూరా గీతను చూడండి. గుండె వైఫల్యంలో గీత సన్నగా, నునుపుగా ఉంటుంది. స్లైడింగ్ బాగుంటుంది. బి లైన్లు రెండు వైపులా ఒకే తీరుగా ఉంటాయి. ఏఆర్‌డీఎస్‌లో గీత మందంగా, గరుకుగా, అక్కడక్కడా తెగి, కింద చిన్న చిన్న నల్లటి ముక్కలతో కనిపిస్తుంది. బి లైన్లు నిండిన చోటు పక్కనే మామూలు ఊపిరితిత్తి ఉంటుంది. స్లైడింగ్ తగ్గుతుంది. ఒకే వైపు బి లైన్లుంటే ముందు నెమ్ము గురించి ఆలోచించండి. ఆ తర్వాత ప్రోబ్‌ను గుండె మీద పెట్టి ఎడమ జఠరిక ఎలా ముడుచుకుంటోందో చూడండి. ఈ రెండూ కలిపి చూసినప్పుడే లాసిక్స్ సంగతి తేలుతుంది.

భూపాలపల్లి, రామగుండం వైపు నుంచి వచ్చే పెద్దవాళ్ల విషయంలో ఇంకో జాగ్రత్త అవసరం. బొగ్గు గనుల్లో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకు ఊపిరితిత్తుల్లో మచ్చ కట్టి ఉండొచ్చు. ఆ మచ్చకూ బి లైన్లు వస్తాయి. అవి ఎంత లాసిక్స్ ఇచ్చినా పోవు, కిడ్నీలు మాత్రం దెబ్బతింటాయి. పాత ఎక్స్‌రే ఉందా, ఆయాసం ఎన్నేళ్ల నుంచి ఉంది అని ఇంటివాళ్లను అడగండి.

సాచురేషన్ 82, ఊపిరితిత్తులు మాత్రం శుభ్రంగా ఎ లైన్లు. మిషన్ తప్పు చెబుతోందా?

లేదు, చాలా ముఖ్యమైన సమాధానం చెబుతోంది. ఊపిరితిత్తి గుజ్జులో జబ్బు లేదు, కారణం వేరే చోట ఉందని దాని అర్థం. ఆస్తమా, సీఓపీడీ (శ్వాసనాళాలు మూసుకుపోయే దీర్ఘకాలిక జబ్బు), ఊపిరితిత్తుల రక్తనాళంలో గడ్డ, కండరాల బలహీనత వరసగా ఆలోచించండి. వెంటనే గజ్జల దగ్గర, మోకాలి వెనక సిరలను ప్రోబ్‌తో నొక్కి చూడండి. సిర పూర్తిగా అణగకపోతే గడ్డ అనుమానం బలపడుతుంది. సాచురేషన్ బాగానే ఉండి, ఊపిరి మాత్రం వేగంగా లోతుగా ఉండి, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉంటే షుగర్, కీటోన్లు, ఏబీజీ (ధమని రక్తంలో వాయువుల పరీక్ష) చూడండి.

మన ప్రాంతంలో మరవకూడనిది కట్లపాము కాటు. నేలమీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పితో లేచి, రెప్పలు వాలి, ఊపిరి అందక వస్తాడు. కాటు గుర్తు కూడా కనిపించకపోవచ్చు. ఊపిరితిత్తుల్లో ఎ లైన్లే ఉంటాయి, డయాఫ్రమ్ మాత్రం సరిగా కదలదు. అక్కడ కావాల్సింది వెంటిలేటర్, యాంటీవెనమ్. ఇంకో ఎక్స్‌రే కోసం ఆగకూడదు.

స్లైడింగ్ లేదు. ఐసీడీ (ఛాతీలోకి వేసే గొట్టం) వేసేయాలా?

ఆగండి. స్లైడింగ్ ఉంటే ఆ చోట న్యుమోథొరాక్స్ లేదని చెప్పొచ్చు. లేనంత మాత్రాన ఉందని చెప్పలేం. పాత టీబీతో ప్లూరా అతుక్కున్నా, పెద్ద నెమ్ము చేసినా, ఊపిరి ఆడకపోయినా, ఊపిరి కోసం వేసిన ట్యూబ్ కుడి బ్రాంకస్ (కుడి ఊపిరితిత్తికి వెళ్లే శ్వాసనాళం)లోకి పోయినా స్లైడింగ్ పోతుంది. ఒక్క బి లైన్ కనిపించినా, గుండె కొట్టుకోవడంతో పాటు ప్లూరా అదిరినా ఆ చోట న్యుమోథొరాక్స్ లేదు. ఖాయంగా ఉందని చెప్పేది లంగ్ పాయింట్. అంటే స్లైడింగ్ ఉన్న భాగం, లేని భాగం ఒకే తెరమీద ఊపిరితో పాటు వంతులు మార్చుకునే చోటు.

నేను పీజీగా ఉన్నప్పుడు ఒక రాత్రి ట్యూబ్ వేసిన వెంటనే ఎడమ వైపు స్లైడింగ్ లేదని ఐసీడీ ట్రే అడిగాను. సీనియర్ సిస్టర్ ఒకావిడ ట్యూబ్ మీది అంకె చూపించారు. పెదవి దగ్గర 26. దాన్ని 22కు లాగితే ఎడమ ఊపిరితిత్తి కదిలింది. అనవసరంగా ఛాతీకి రంధ్రం పడేది. అప్పటి నుంచి ట్యూబ్ అంకె చూడకుండా ప్రోబ్ పట్టుకోను.

అయితే బీపీ పడిపోతూ, ఛాతీ ఒకవైపు ఉబ్బి, గాలి శబ్దం లేకుండా పేషెంట్ చేజారిపోతుంటే మిషన్ వచ్చేదాకా చూడొద్దు. వెంటనే సూది పెట్టండి.

నెమ్మునూ, గాలి దిగి ముడుచుకున్న ఊపిరితిత్తినీ ఎట్లా తేడా పట్టాలి?

రెండూ కాలేయంలా గట్టిగా కనిపిస్తాయి. లోపల తెల్లటి చుక్కలుగా, గీతలుగా ఉండే గాలిని చూడండి. ఊపిరి పీల్చినప్పుడు అవి కొమ్మల్లో ముందుకు పారితే దారి తెరిచే ఉంది, నెమ్ము అనుకోవచ్చు. కదలకుండా ఉంటే కఫం అడ్డుపడి ముడుచుకుందేమో చూసి సక్షన్, ఫిజియోథెరపీ మొదలుపెట్టండి. జ్వరం, కఫం, రక్తపరీక్షలతో కలపకుండా బొమ్మ ఒక్కదాన్ని నమ్మి యాంటీబయాటిక్ మార్చవద్దు.

ఎక్స్‌రే, సీటీ ఇక మానేయొచ్చా?

పూర్తిగా కాదు. అల్ట్రాసౌండ్‌కు ప్లూరాదాకా వచ్చిన జబ్బే కనిపిస్తుంది. మధ్యలో ఉన్న గడ్డ, కుహరం, మీడియాస్టినమ్ (రెండు ఊపిరితిత్తుల నడిమి భాగం) కనిపించవు. సెంట్రల్ లైన్ (పెద్ద సిరలోకి వేసే గొట్టం) కొస, రైల్స్ ట్యూబ్ (ముక్కు నుంచి కడుపులోకి వేసే గొట్టం), ఐసీడీ ఎక్కడున్నాయో చూడటానికి ఎక్స్‌రే కావాలి. కానీ రోజూ అలవాటుగా రాసే ఎక్స్‌రేలు చాలా తగ్గించొచ్చు. పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో ముందు వైపు చేరిన గాలి తరచూ తప్పిపోతుంది, ప్రోబ్‌కు అది సులువుగా దొరుకుతుంది.

## మన దగ్గర ఎక్కువగా వచ్చే కేసుల్లో

పురుగుల మందు తాగినవాళ్లలో దీని ఉపయోగం ఏమిటి?

పత్తి పండే మన జిల్లాల్లో ప్రతి ఐసీయూకూ ఈ కేసులు తెలుసు. ఆర్గానోఫాస్ఫరస్ మందుల్లో మొదటి గంటల్లో ఊపిరితిత్తులు స్రావాలతో నిండుతాయి, రెండు వైపులా బి లైన్లు వస్తాయి. అది గుండె నీరు అనుకుని లాసిక్స్ ఇవ్వడం నేను చూశాను. అక్కడ కావాల్సింది అట్రోపిన్. మోతాదు చాలిందా లేదా అన్నది ముందు స్టెతస్కోప్‌తో, గుండె వేగంతో, బీపీతో తేల్చండి. ఛాతీ శబ్దాలు శుభ్రమయ్యాక కూడా ఒకే చోట, ముఖ్యంగా కుడి కింద, గట్టిపడిన భాగం మిగిలితే వాంతి ఊపిరితిత్తిలోకి పోయి ఉండొచ్చు. దానికి ఇంకా అట్రోపిన్ పెంచితే పేషెంట్‌కు పిచ్చెక్కినట్టవుతుంది తప్ప మేలు జరగదు.

రెండో దశ ఇంకా ముఖ్యం. ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య, అంతా బాగుందనుకున్నాక, కొందరికి మెడ ఎత్తే బలం పోయి ఊపిరి మందగిస్తుంది. ఊపిరితిత్తులు శుభ్రంగానే ఉంటాయి. డయాఫ్రమ్ మీద ప్రోబ్ పెట్టి చూస్తే కదలిక తగ్గి ఉంటుంది. రోజుకు రెండుసార్లు తల ఎత్తించి చూడటం, డయాఫ్రమ్ కదలిక కొలవడం అలవాటు చేసుకుంటే అర్ధరాత్రి హఠాత్తుగా ట్యూబ్ వేసే పరిస్థితి తప్పుతుంది.

గడ్డిమందు అంటున్నారు. ఊపిరితిత్తులు బాగానే కనిపిస్తున్నాయి, ఇంటికి పంపొచ్చా?

వద్దు. గడ్డిమందు అంటే ఏ మందో ముందు డబ్బా తెప్పించి చూడండి. గ్లైఫోసేట్ వేరు, పారాక్వాట్ వేరు. పారాక్వాట్ అయితే తొలిరోజు ఊపిరితిత్తులు మామూలుగా కనిపించడం సహజమే. నోటిలో పుండ్లు, కిడ్నీల దెబ్బ ముందు వస్తాయి, ఊపిరితిత్తులు కొన్ని రోజుల్లో గట్టిపడతాయి. ప్లూరా గరుకుగా మారి బి లైన్లు పెరుగుతూ పోవడం రోజూ చూస్తే తెలుస్తుంది. సాచురేషన్ బాగా పడితే తప్ప ఆక్సిజన్ పెట్టకండి, ఆక్సిజన్ ఆ నష్టాన్ని పెంచుతుంది. మొదటి రోజు స్కాన్ చూసి ఇంటివాళ్లకు ఆశ పెంచే మాట చెప్పకండి. నాలుగో రోజు ఆ మాటే వాళ్లను ఎక్కువ బాధపెడుతుంది.

డెంగీ పేషెంట్‌కు ఫ్లూయిడ్స్ ఎక్కడ ఆపాలో తెలుస్తుందా?

చాలావరకు తెలుస్తుంది. ప్లాస్మా కారే దశలో ప్లూరాలో, ముఖ్యంగా కుడి వైపు, నీరు చేరుతుంది. దాన్ని తీయాల్సిన అవసరం సాధారణంగా రాదు. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నప్పుడు సూది పెడితే రక్తస్రావం ప్రమాదం ఉంటుంది. ముందు వైపు ఎ లైన్లు ఉన్నంతవరకు ఊపిరితిత్తి ఫ్లూయిడ్‌ను తట్టుకుంటోందని అనుకోవచ్చు. ఎ లైన్లు పోయి బి లైన్లు మొదలైతే తట్టుకునే హద్దు దాటుతోంది. అప్పుడు బాటిల్ నెమ్మదించి బీపీ, మూత్రం, హెమటోక్రిట్ మళ్లీ చూడండి. ఊపిరితిత్తి బాగుందంటే ఫ్లూయిడ్ అవసరమని కాదు, ఇవ్వడానికి వీలుందని మాత్రమే.

## వెంటిలేటర్ మీద ఉన్నప్పుడు

రోజూ చూడాలా? చూసి ఏం మార్చాలి?

రోజుకు ఒకసారి, వెంటిలేటర్‌లో పెద్ద మార్పు చేసినప్పుడు ఒకసారి చూడండి. 12 చోట్లలో ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు వేయండి: మామూలైతే 0, విడివిడిగా బి లైన్లుంటే 1, కలిసిపోయి ఉంటే 2, గట్టిపడితే 3. మొత్తం 36. నిన్న 22, ఈరోజు 16 అంటే డ్యూటీ మారినా అందరికీ ఒకే మాట అర్థమవుతుంది.

పీప్ (ఊపిరి వదిలాక కూడా వెంటిలేటర్ ఊపిరితిత్తిలో నిలిపే ఒత్తిడి) పెంచాక వెనక గట్టిపడిన భాగంలోకి గాలి వస్తోందా చూడొచ్చు. కానీ ముందు భాగం మరీ ఉబ్బిపోతోందా అన్నది అల్ట్రాసౌండ్ చెప్పలేదు. ఉబ్బినా, మామూలుగా ఉన్నా ఎ లైన్లే కనిపిస్తాయి. అందుకే ప్లాటో ప్రెషర్ (గాలి నింపి ఆపినప్పుడు ఊపిరితిత్తిలో ఉండే ఒత్తిడి) కొలవకుండా తెరను నమ్మి పీప్ పెంచుతూ పోవద్దు.

ప్లూరాలో నీరు ఉంది. తీయాలా, వదలాలా?

నీరు కనిపించడం తీయడానికి కారణం కాదు. చీము అనుమానం, కారణం తెలియకపోవడం, ఆక్సిజన్ నిలబడకపోవడం, వెంటిలేటర్ నుంచి దించలేకపోవడం లాంటివి ఉంటే తీయండి. వెల్లకిలా పడుకోబెట్టి, తలవైపు 15 డిగ్రీలు ఎత్తి, ఊపిరితిత్తి అడుగున రెండు ప్లూరాల మధ్య దూరాన్ని మిల్లీమీటర్లలో కొలిచి 20తో గుణిస్తే సుమారు ఎన్ని మిల్లీలీటర్లో వస్తుంది. 25 మిల్లీమీటర్లుంటే 500 దగ్గర.

సూది పెట్టేముందు డయాఫ్రమ్‌ను తప్పకుండా గుర్తించండి. దానికి పైన ఉంటే ఛాతీ నీరు, కింద ఉంటే కడుపు నీరు. ఈ తేడా తప్పితే కాలేయంలోకో ప్లీహంలోకో సూది పోతుంది. గుర్తు పెట్టాక పేషెంట్‌ను కదిలిస్తే ఆ గుర్తు పనికిరాదు, మళ్లీ చూడండి.

ట్యూబ్ తీసేముందు దీంతో ఏమైనా తెలుస్తుందా?

తెలుస్తుంది. టీ పీస్ పరీక్ష (వెంటిలేటర్ సాయం లేకుండా ట్యూబ్‌తోనే సొంతంగా ఊపిరి పీల్చనిచ్చి చూడటం) చివర లంగ్ స్కోరు (పైన చెప్పిన 36 మార్కుల మొత్తం) 13 కంటే తక్కువుంటే ట్యూబ్ తీశాక నిలబడే అవకాశం బాగుంటుంది. 17 దాటితే మళ్లీ ఆయాసం రావొచ్చు. మధ్యలో ఉన్నవాళ్లకు దగ్గు బలం, కఫం, స్పృహ చూసి నిర్ణయించాలి. డయాఫ్రమ్ కదలిక ఒక సెంటీమీటరు కంటే తక్కువుంటే బలహీనత ఉన్నట్టే. పరీక్ష మొదలయ్యాక బి లైన్లు కొత్తగా పెరిగితే గుండె ఆ బరువు మోయలేకపోతోందేమో చూడండి. ముందు నీరు తగ్గించి మరుసటి రోజు ప్రయత్నించడం నయం.

## రాసేటప్పుడు, చెప్పేటప్పుడు

కేస్ షీట్‌లో ఏం రాయాలి?

సమయం, ఏ ప్రశ్నకు సమాధానం కోసం చూశారు, రెండు వైపులా ఏం కనిపించింది, దాన్నిబట్టి ఏం మార్చారు. నాలుగు వాక్యాలు చాలు. సరిగా కనిపించకపోతే కనిపించలేదనే రాయండి, నార్మల్ అని రాయకండి.

‘కడుపుతో ఉన్నోళ్లకు చేసే స్కానింగ్ మా బాపుకెందుకు?’ అని అడుగుతున్నారు. ఏం చెప్పాలి?

న్యాయమైన ప్రశ్నే. ఇక్కడ చాలామందికి స్కానింగ్ అంటే గర్భిణులదే గుర్తొస్తుంది. పైగా బిల్లు ఎంతవుతుందోనన్న టెన్షన్ ఉంటుంది. ‘బాపు ఊపిరితిత్తుల్లో నీరు ఎంతుంది, మందు పనిచేస్తోందా అని మంచం మీద నుంచి కదిలించకుండా చూస్తున్నాం. ఇందులో ఎక్స్‌రే లాంటి రేడియేషన్ ఉండదు’ అని చెప్పండి. డబ్బు తీసుకుంటారా లేదా అన్నది అడగకముందే చెప్పేయండి.

వీలైతే ఇంట్లో ఒకరిని లోపలికి పిలిచి తెర చూపించండి. డయాలసిస్ తప్పిపోయి ఆయాసంతో వచ్చిన ఒక పెద్దాయన కొడుకుకు, డయాలసిస్‌కు ముందు తెల్లగా నిండిన తెరనూ, అయ్యాక పలచబడ్డ తెరనూ చూపించాను. ఆ అబ్బాయి ఫోన్ తీసి తర్వాతి డయాలసిస్ తేదీకి అలారం పెట్టుకున్నాడు.